బెయిల్ వచ్చాక పంతొమ్మిది రోజులు

కోవిడ్ తగ్గి కోర్టులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన సంవత్సరం అది. ప్రాక్టీసులో నాకు నాలుగో ఏడు. లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో ఉన్నాను. అంటే, లాయరును పెట్టుకోలేని వాళ్ల తరఫున వాదించే లాయర్ల జాబితా. వారానికోసారి సబ్ జైలుకు వెళ్లి, ఎవరికి లాయరు లేడో కనుక్కోవాలి. అలా పరిచయమైనవాడు పైడయ్య.

రాజాం, చీపురుపల్లి మధ్యలో ఒక పల్లె అతనిది. ఎరుకల కులం. బుట్టలు, చేటలు అల్లి సంతల్లో అమ్ముకుంటాడు. ఊరి రామాలయంలో ఇత్తడి దీపాలు, గంట పోయాయి. మర్నాడే పోలీసులు నేరుగా అతని ఇంటికి వెళ్లారు. వెతికితే ఏమీ దొరకలేదు. అయినా తీసుకెళ్లారు.

"నీ మీదే ఎందుకు అనుమానం వచ్చింది?" అని అడిగాను.

"అనుమానం ఏటమ్మా. మా నాన్నని అలాగే తీసుకెళ్లీవోరు, మా తాతనీ అలాగే. ఊళ్లో ఏటి పోయినా ముందు మా గుమ్మంలోకే వస్తారు."

అతని గొంతులో కోపం లేదు. ఎరుకల వాళ్లను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కేసే చట్టం బ్రిటిష్ వాళ్ల కాలంలో ఉండేది. అది రద్దయి దశాబ్దాలు గడిచాయి. కొన్ని స్టేషన్లలో ఆ అలవాటు మాత్రం మిగిలిపోయింది.

బెయిల్ పిటిషన్ వేశాను. పోయిన వస్తువు ఒక్కటీ అతని దగ్గర దొరకలేదని వాదించాను. బెయిల్ వచ్చింది. ఆ రోజు సంతోషంగానే ఇంటికెళ్లాను.

కానీ ఇద్దరు ష్యూరిటీలు కావాలి. ఇతను వాయిదాలకు వస్తాడు, మాది పూచీ అని సంతకం పెట్టే వాళ్లు. వాళ్ల పేరున భూమి ఉండాలి. ఆ భూమి వాళ్లదేనని రెవెన్యూ ఆఫీసు కాగితం ఇవ్వాలి. పైడయ్య భార్య గౌరి ఊరంతా తిరిగి వచ్చింది.

"దేవుడి సొత్తు ఎత్తుకెళ్లినోడికి సంతకం ఎట్టాలా అని తలుపులేసీసినారమ్మా. ఇంట్లో మా అత్త మంచం మీదున్నాది. కొడుకెప్పుడొస్తాడని పూటకోసారి అడుగుతాది. ఏటి సెప్పను?"

గౌరి ఆదివారాలు వెళ్లే చర్చి ఒక రేకుల షెడ్డు. అక్కడి పాస్టరు యోహానుగారు ఏడుగురిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. అందరూ సంతకానికి సిద్ధమే. మీలో ఎవరికి సొంత భూమి ఉందని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరూ కూలి పనులకు వెళ్లే మాల, రెల్లి కుటుంబాల వాళ్లు. యోహానుగారికి మాత్రం తండ్రి కొన్న ముప్పావు ఎకరం ఉంది. ఇంకొకరు కావాలి.

"ఆచార్యులుగారిని అడిగి సూస్తానండి," అన్నారాయన.

ఆచార్యులుగారంటే ఆ రామాలయం అర్చకులు. పోయింది ఆయన గుడి సొత్తే. వస్తారని నేను అనుకోలేదు. రెండో రోజు బస్సు దిగి, పట్టాదారు పాస్‌బుక్ సంచిలో పెట్టుకుని వచ్చారు.

"పొద్దున్నే తలుపు తీసి చూసినవాణ్ణి నేనేనమ్మా. పైడయ్య పేరు నేను చెప్పలేదు, గుడి కమిటీ వాళ్లు చెప్పారు. నేను పక్కనే ఉండి కూడా నోరెత్తలేదు."

"సంతకం పెడితే ఊళ్లో మిమ్మల్ని ఏమంటారో ఆలోచించారా?"

"ఆలోచించే వచ్చాను. రోజూ రాముడి ముందు నిలబడాలి కదా," అన్నారు.

రెవెన్యూ కాగితాల కోసం ఇద్దరూ ఒకే బస్సులో తిరిగారు. ఒకరోజు అధికారి లేరు. ఒకరోజు సర్వే నంబరు తప్పు పడింది. ఇంకోరోజు మళ్లీ రమ్మన్నారు.

బెయిల్ వచ్చిన పదిహేడో రోజు పైడయ్య తల్లి అప్పలమ్మ చనిపోయింది. రెండో శనివారం, కోర్టు సెలవు. పోలీసు కాపలాతోనైనా అతన్ని అంత్యక్రియలకు పంపమని అడగడానికి కోర్టులో ఎవరూ లేరు. ఫోన్లు చేశాను, ఫలితం లేదు. శవాన్ని పెద్దవీధిలోంచి తీసుకెళ్లొద్దని కొందరు అడ్డుపడ్డారట. చర్చివాళ్లు పొలం గట్ల మీదుగా మోసుకెళ్లి, గొయ్యి తవ్వి, పూడ్చారు. ఆచార్యులుగారు గట్టు మీద వాళ్ల వెనకే నడిచారు.

సోమవారం కాగితాలు కోర్టు ఆమోదించింది. రిలీజ్ ఆర్డర్ తీసుకుని జైలుకు వెళ్లాం. గౌరి గేటు దగ్గరే ఆగిపోయింది. పైడయ్య బయటికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టాడు.

"నానొస్తన్నానని మాయమ్మకి సెప్పినారా?" అని భార్యను అడిగాడు.

ఆమె తల వంచుకుంది. చెప్పాల్సింది నేనే.

"శనివారం పోయింది, పైడయ్యా."

అతను నావైపు తిరిగాడు.

"బెయిలు ఎప్పుడిచ్చినారమ్మా?"

చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"అయితే అప్పటికి బతికే ఉన్నాది," అన్నాడు.

కొన్ని నెలలకు గుడి గంట ఇంకో ఊళ్లో పాత ఇనుము కొట్టులో దొరికింది. అమ్మినవాడు వేరే వ్యక్తి. పైడయ్య మీద కేసు వీగిపోయింది. కమిటీ వాళ్లు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు శ్రీరామనవమి కల్యాణం చేయడానికి వేరే ఊరి నుంచి అర్చకుణ్ణి పిలిచారు. ఆచార్యులుగారు ఇంట్లోనే ఉండిపోయారు.

అయినా ఆయనా, యోహానుగారూ ఆగలేదు. రాజాంలో మసీదు పెద్ద ఒకాయన కూడా కలిశారు. భూమి ఉండి, ఏ కులం వాళ్లకైనా ష్యూరిటీ ఉంటామనే వాళ్ల పేర్లు రాసి నాకిచ్చారు. కులాన్ని చూసి మనుషుల్ని స్టేషన్‌కు లాక్కెళ్లొద్దని ముగ్గురూ వెళ్లి పోలీసు అధికారికి అర్జీ ఇచ్చారు. అధికారి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, కాగితం తీసుకున్నారు. మరుసటి నెలలో ఎవరిదో పొలంలో మోటారు పోయింది. పోలీసులు మళ్లీ పైడయ్య ఇంటికే వెళ్లారు. ఆ ముగ్గురూ స్టేషన్ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంటే అతన్ని వదిలారు. ఆ తర్వాత కొన్నాళ్లకు అతనూ గౌరీ ఊరు వదిలేశారు.

ఇప్పుడు జైలుకు వెళితే, కేసేమిటని అడిగే ముందు ఇంట్లో ఎవరున్నారు, ఎలా ఉన్నారని అడుగుతాను. పిటిషన్ వేసిన రోజే ష్యూరిటీల కాగితాలు మొదలుపెడతాను. నేను నేర్చుకున్నది అంతవరకే అని చెబితే సగం దాచినట్టే. ష్యూరిటీ దొరకని పేదవాణ్ణి సొంత పూచీ మీద వదలమని, షరతు సడలించమని మళ్లీ పిటిషన్ వేసుకోవచ్చు. చట్టంలో ఆ దారి ఉంది. ఆ పంతొమ్మిది రోజుల్లో నేను వేయలేదు. కాగితాలు రేపో ఎల్లుండో వస్తాయిలే అనుకున్నాను. ఈ సంగతి పైడయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.