బొట్టు పెట్టిన రోటరు

అమ్మ పోయిన నెలకు ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున వక్కాకు సంచి దొరికింది. అమ్మ వక్కాకు మానేసి ఇరవై ఏళ్లు దాటింది, అయినా మూతి విప్పగానే ఎండిన తమలపాకు, సున్నం, వక్కపొడి కలిసిన పాత వాసన గుప్పుమంది, దాని వెనకాలే సన్నగా కాలిన కరెంటు తీగ వాసన. చెయ్యి పెట్టకముందే నాకు తెలిసిపోయింది. బొటనవేలంత నల్లటి ముక్క, నెత్తిన ఇత్తడి రేకు, రేకు పక్కన గోరంత ఎర్రటి మరక. నాయన కారు రోటరు. యాభై దాటిన మనిషిని, నేలమీద చతికిలబడి తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

మాది ధర్మపురి జిల్లాలో పాలక్కోడు దగ్గర వెల్లిచందై. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మేం మాట్లాడే దానికి అక్షరాలున్నాయని నేను తెలుసుకున్నది పెళ్లయి కుప్పం వచ్చాకే. ఆ ఎనభైల్లో మా ఊరికి రెండే కార్లు, నాయనది నల్లది, గోవిందసామి మామది మీగడ రంగుది. రెండూ ఒకే మోడలు, రెండూ మూడు నాలుగు చేతులు మారి వచ్చి బాడుగకు తిరిగేవి, రెండింటికీ వారానికొక రోగం. మామ మాకు రక్తసంబంధం కాదు. వరస కలుపుకొని అమ్మను అక్కా అనేవాడు, అమ్మకు సొంత తమ్ముళ్లు లేరు కాబట్టి ఆ పిలుపును ఆమె గట్టిగా పట్టుకుంది.

ఆదివారం పొద్దున మా తిన్నె మీద కార్ల పంచాయతీ జరిగేది. మామిడికాయల కాలమైతే ఉప్పూకారం అద్దిన ముక్కలు, వానలైతే వేయించిన వేరుశెనక్కాయలు, ఎప్పుడైనా సరే ఇత్తడి చెంబు నిండా అమ్మ కాచిన బెల్లం కాఫీ పెట్టుకొని, నాయనా మామా, పాలక్కోడు నుంచి సొంత కారులో దర్జాగా దిగే రాజప్ప, ఎండ తిన్నె దాటి గోడెక్కే దాకా పిస్టన్లూ బ్రేకులూ మాట్లాడుకునేవాళ్లు.

"ఒరిజినల్ సామాను కావాలంటే సేలంలో రెండు నెలలు కాచుకోమంటాడబ్బా. డూప్లికేటు రెండు వారాలన్నా నిలవదు" అని నాయన నిట్టూర్చేవాడు.

"నేను ఫ్యాను పెట్టించినా, టేపు పెట్టించినా, వెనక అద్దానికి తెర కూడా వేయించినా" అని రాజప్ప మొదలుపెట్టేవాడు.

"అదంతా సరే, బ్రేకు పెట్టించినావా రాజప్పా?" అని మామ అడిగితే తిన్నె అంతా నవ్వు.

మా కారు సౌకర్యాల గురించి చెప్పుకోకపోవడమే మేలు. నాలుగు తలుపుల అద్దాలకూ కలిపి మిగిలింది ఒకటే తిప్పుడు పిడి. ఎవరికైనా గాలాడకపోతే నాయన దాన్ని ముందు అరలోంచి తీసి, గుళ్లో శఠగోపం తిప్పినట్టు సీటు సీటుకూ అందించేవాడు. ఎక్కినవాళ్లు నవ్వితే ఆయనకు మహా కోపం.

ఆ రెండు కార్లనూ బతికించింది సేలం అంగళ్లు కాదు, మా రెండిళ్ల మధ్య ఉన్న ఒక కట్టుబాటు. ఎవరికి ఏ ముక్క కావాలన్నా రెండో ఇంట్లోకి నేరుగా వచ్చి తీసుకుపోవచ్చు, అడగనక్కరలేదు. సాయంత్రం దీపం పెట్టేలోపల 'ఫలానాది తీసుకున్నా' అని ఒక్కమాట చెబితే చాలు. ఒక్కోసారి మా జాకీ వాళ్లింట్లో, వాళ్ల బెల్టు మా కారులో ఉండేవి.

ఇక రోటరు సంగతి. ఇంజనులో నిప్పు పంచే ముక్క అది, అది లేకపోతే ఎంత తిప్పినా బండి దగ్గుతుందే తప్ప అంటుకోదు. కారు వీధిలో నిలిపేవాళ్లం కాబట్టి, ఎవడూ తోలుకుపోకుండా నాయన దాన్ని ఊడదీసి దేవుడి గూట్లో పెట్టేవాడు. శుక్రవారం శుక్రవారం పటాలతోపాటు దానికీ అమ్మ కుంకుమ బొట్టు పెట్టేది.

ఆ ఏడు ఆడి నెల పద్దెనిమిదో నాడు, కావేరి పండగకు, మమ్మల్ని మా కారులోనే హొగెనకల్ జలపాతానికి తీసుకుపోతానని నాయన మాటిచ్చాడు. కావేరి నీళ్లలో తానాలు, ఆపైన బండల మీద కూర్చొని భోజనం. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. అమ్మ తెల్లవారకముందే లేచి నిమ్మకాయ అన్నం, చింతపండు అన్నం, కొబ్బరి అన్నం కలిపి అరిటాకుల్లో మూటలు కట్టింది, ఇల్లంతా ఇంగువ పోపు వాసన. నేను కొత్త పావడా కట్టుకొని గడపలో కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి వచ్చి హొగెనకల్‌కే బాడుగ మాట్లాడాడు. నాయన నావైపు చూడకుండానే ఒప్పుకున్నాడు. "వచ్చే ఏడు పోదాం లేమ్మే" అని వీధిలోకి పోయాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. కారు కదలకపోతే ఆ మనిషి వెళ్లిపోతాడు, అప్పుడు రోటరు తెచ్చిస్తాను, మేమే పోతాం! గూట్లోంచి తీసి రాగుల గాదె పైనుంచి లోపల పడేశాను. వేసవి పంట రాగులతో గాదె నిండుగా ఉంది. మళ్లీ తీద్దామని భుజం దాకా చెయ్యి దూర్చాను, కదిపినకొద్దీ రాగులు దాన్ని కిందికి మింగేశాయి. ఆ వేళకే మామ లోపలికి వచ్చి, నా బుగ్గ గిల్లి, మూలనున్న జాకీ తీసుకొని వెళ్లాడు. అమ్మ బావి దగ్గరుంది.

నాయన ఇల్లంతా తిరగేశాడు. ఒక్కొక్కరినీ నిలదీసి అడిగాడు. పొద్దున్నుంచి ఇంట్లోకి వచ్చిపోయింది మామ ఒక్కడేనని తేలింది. నేను గాదె వెనక్కి నక్కాను. ఈలోగా, వారం రోజులుగా మూలుగుతూ పడి ఉన్న మామ కారు ఒక్క తిప్పుకు అంటుకుంది, పెద్దమనిషి అందులో ఎక్కి వెళ్లిపోయాడు. నాయన తిన్నె మీద కూర్చుండిపోయాడు. అన్నం మూటలు ఎవరూ విప్పలేదు.

మధ్యాహ్నం వాలాక మామ వచ్చాడు, ఒక చేతిలో జాకీ, ఇంకో చేతిలో మా కోసం హొగెనకల్ వేపుడు చేపల పొట్లం. నాయన పలకరించకుండా పోయి మామ కారు బానెట్ ఎత్తి, రోటరు ఊడదీసి చూశాడు. కొత్తగా మెరుస్తోంది.

"బొట్టు కడిగేసినావా?"

"నాదానికి బొట్టే లేదు బావా, కడిగేదేంది? నిన్న సేలంలో కొనక్కొచ్చినా."

"అట్లయితే అంగడి చీటీ చూపించు."

మామ ముఖం నల్లబడింది. "నన్ను చీటీ అడుగుతావా బావా?" అన్నాడు. చీటీ ఉందో లేదో, ఆయన చెయ్యి మాత్రం జేబులోకి పోలేదు. "దొంగ నాయాలా" అన్నాడు నాయన, వీధంతా వినేట్టు. మామ జాకీ తిన్నె మీద పెట్టి, పొట్లం దాని పక్కన పెట్టి, వెళ్లిపోయాడు. నేను తలుపు వెనకాల నిలబడి అంతా విన్నాను. ఒక్క అడుగు, ఒక్క మాట చాలు. పాపిష్టిదాన్ని, కదల్లేదు.

మార్గళి నెల చలిలో ఒకరోజు అమ్మ గాదె కింది కంత విప్పి రాగులు పడుతుంటే చేటలోకి టప్పున పడింది రోటరు. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. నా ముఖంలో అంతా రాసి ఉంది కాబోలు. కొట్టలేదు.

"ఇప్పుడు చెప్తే మీ నాయన ఆ గడప తొక్కి తలొంచాల. అది ఆయనతో అయ్యే పని కాదు, సిగ్గుతో చస్తాడు" అని దాన్ని వక్కాకు సంచిలో వేసుకుంది. నన్ను కాపాడిందనే అనుకున్నాను చాలాకాలం. తమ్ముణ్ణి పోగొట్టుకున్నదని తట్టడానికి నాకు పెళ్లయి పిల్లలు పుట్టాలి. బస్సు దగ్గర మామ ఎదురైతే అమ్మ కొంగు సర్దుకుంటూ పక్కకు తిరిగేది.

కట్టుబాటు పోయాక కార్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? ఒకరి ముక్క ఇంకొకరికి అందలేదు. రెండేళ్లలో మాది తూకానికి పోయింది, మామది చింతచెట్టు కింద తుప్పు పట్టింది. నాయన తోటల్లో కూలికి పోయాడు, మామ బెంగళూరులో ఎవరి కారో తోలడానికి పోయాడు. నాయన చనిపోయి పదిహేనేళ్లు.

సంచి దొరికిన మర్నాడే పాలక్కోడు వెళ్లాను. మామ ఇప్పుడు కొడుకు దగ్గరుంటున్నాడు. వాకిట్లో ఆ కొడుకూ పక్కింటాయనా కొత్త కార్ల గురించి గోడు వెళ్లబోసుకుంటున్నారు, కంప్యూటరు పెడితేగానీ జబ్బు తెలియదట, ఒక్క లైటు పోతే మొత్తం మార్చాలట. తాళంచెవి తిప్పే పని లేదు, బొత్తం నొక్కితే చాలట. గేటుకు మాత్రం తాళం ఉంది. గంట కొట్టి, పేరు చెప్పి, లోపలికి వెళ్లాను. ఒకప్పుడు మా రెండిళ్లకూ గంట లేదు.

మామ చేతిలో రోటరు పెట్టి, "నేనే తీసినా మామా, రాగుల్లో పడేసినా" అన్నాను. దీపం పెట్టేలోపల చెప్పాల్సిన మాట. ఆయన వెలుగులోకి తిప్పి, రేకు పక్కన మరకను బొటనవేలితో తడిమి చూశాడు.

"మీ నాయనకు తెలుసునా?"

"లేదు మామా."

కోడలు కాఫీ తెచ్చి పెట్టి వెళ్లింది. ఆయన రోటరును నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాడు.

"అయితే బావ నన్ను దొంగనుకొనే పోయినాడు" అన్నాడు.