పగులు మీద గాజుముక్క

మా అత్త గదిలో పగులు దుకాణం షట్టరు మూల దగ్గర మొదలై, ఇటుకల సందులు పట్టుకుని మెట్లు మెట్లుగా పైకెక్కి, ఇనుప దూలం గోడలో దూరిన చోట ఆగింది. సరిగ్గా అక్కడ ఆగడమే నాకు నచ్చలేదు.

ఖిదిర్‌పూర్‌లో డాకు గేటుకు, అంటే కలకత్తా ఓడరేవు గేటుకు, దగ్గర్లో ఉండేది ఆ రెండంతస్తుల ఇల్లు. దొరల కాలంలో గిడ్డంగిగా కట్టారట. కింది గదుల్లో సిక్కోలు నుంచి వచ్చిన డాకు కూలీల కుటుంబాలు అద్దెకుండేవి. పైన ఒకటే పెద్ద హాలు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి కొన్నేళ్లయిన రోజులవి. నేను ఒక ఆఫీసులో సివిల్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఆమె నాకు వరసకు అత్త. డాకులో సరుకులెత్తే వించి నడిపే ఆమె కొడుకు నన్ను బావా అనేవాడు. ఏటా అమ్మవారి సంబరం పెత్తనం అతనిదే.

ఆ సంబరం వానాకాలంలో వచ్చేది. సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి కాబట్టి తప్పెటగుళ్లు పై హాల్లో ఆడేవారు. గుండెల మీద రేకు తప్పెటలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని మగవాళ్లంతా ఒక్కసారి ఎగిరి ఒక్కసారి దిగుతారు. మనుషులు హాల్లో కూర్చుంటే అది బరువు. వాళ్లే లయ కలిపి దూకితే అది దెబ్బ. ఆ హాలు ఎన్నో ఏళ్లు ఆ దెబ్బ కాసింది. ఆ యేడు వేసవిలో ఇంటి యజమాని, అక్కడివాళ్ల మాటలో బాడీవాలా, వీధివైపు దుకాణం తెరవడానికి అత్త గది గోడను కింద సగానికి పైగా కొట్టించాడు. పైన మిగిలిన గోడను మోయడానికి పాత రైలు పట్టా ముక్క ఒకటి పెట్టి, పూత పూయించి, షట్టరు బిగించాడు.

"పగులు సున్నంతో పూడ్సీమంటావా, సిమిట్టుతోనా?" అని అడగడానికి మా బావ నన్ను పిలిచాడు.

ఆ ఇంటికి నక్షా లేదు. ఏ గోడ మోస్తోందో, ఏది ఊరికే నిలబడిందో చెప్పేవాళ్లు లేరు. పాత ఇంటిని పరీక్షించడమంటే నోరు లేని రోగిని పరీక్షించడమే. తట్టి వినాలి, గీకి చూడాలి. దూలం కొస దగ్గర పూత చెక్కాను. ఇనుము మడతకాజాలా పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. వేలితో నొక్కితే సున్నపు అడుసు పొడిపొడిగా రాలింది. పైన హాలు నేల, కింద అత్త మంచం. మధ్యలో ఉన్నది ఇదీ.

"ఈసారి పైన ఆడొద్దు. ముందు ఈ దూలం కింద రాటలు నిలబెట్టాలి," అన్నాను.

సంబరం ఏర్పాట్లకు కూర్చున్న రోజున అదే మాట అందరి ముందూ చెప్పాను. ఎవరూ కోపం తెచ్చుకోలేదు. నవ్వారు. కిందటేడు అదే హాల్లో నిలబడి జంతుబలి అనాగరికమనీ, పూనకం ఒంట్లో నీరసం తప్ప మరొకటి కాదనీ గంటసేపు వాదించినవాణ్ణి నేనే.

"కిందటేడు కోడిని కొయ్యొద్దన్నావు. ఈ యేడు కాలు కదపొద్దంటన్నావు. వొచ్చే యేడు ఊపిరి కూడా తియ్యొద్దంటావేటి బావా?" అన్నాడు మా బావ.

"దేవత సంగతి కాదు. దూలం సంగతి."

"నువ్వే కదా సెప్పినావు, ఎవుడేటి సెప్పినా రుజువడగమని. అడుగుతున్నాం. సూపించు."

నా ఆయుధం నాకే గుచ్చుకుంది. అయినా ఆ ప్రశ్న న్యాయమైనది. రుజువు అడిగే హక్కు నాకు నచ్చిన సందర్భాల్లో మాత్రమే ఇతరులకు ఉండాలనుకుంటే నాకూ పూజారికీ తేడా ఏముంది? మర్నాడు సన్నటి గాజుముక్క ఒకటి పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్దతో గోడకు అతికించాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు, పగులుతుంది.

"ఇది సంబరంలోగా పగిలిందా, ఆట పైన లేదు," అన్నాడు మా బావ. "పగల్లేదా, నువ్వే ముందుండి తప్పెట కట్టాలి."

"పగలకపోతే గోడ ఇప్పుడు కదలడం లేదని మాత్రమే అర్థం. మీరు దూకినప్పుడు ఏమవుతుందో గాజు చెప్పదు."

"ఇదిగో, పందెం ఒప్పుకోకముందే ఎనక్కి పోతన్నాడు," అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. నా మాటలో అన్నిటికంటే నిజమైన ముక్క ఆ నవ్వుల్లోనే పోయింది.

రోజూ ఆఫీసు నుంచి ఆ దారినే వచ్చి చూసేవాణ్ణి. అత్తనూ రోజూ చూడమన్నాను. వానలు ముదిరాయి. గోడ చెమ్మెక్కి ముదురు రంగు తిరిగింది. ఒకరోజు చూద్దును గదా, గాజుకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది.

"అత్తా, ఇది పరికరం. దీన్ని కూడా దేవుణ్ణి చేశారా?"

ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "రోజూ సూడమన్నావు కదా. బొట్టెట్టకుండా దేన్ని రోజూ సూస్తాం బాబూ?"

సంబరం ముందురోజు సాయంత్రం వెళ్లేసరికి పై హాల్లో గజ్జెలు సరిచూస్తున్నారు. కింద గాజు చెక్కుచెదరకుండా ఉంది. పసుపు తాజాగా ఉంది. మా బావ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సూసుకో. తప్పెట తెప్పించమంటావా?"

నేను గాజు వంక కాదు, ముద్దల వంక చూశాను. నేను పెట్టినవి బూడిదరంగు సిమెంటు ముద్దలు. ఇవి తెల్లగా ఉన్నాయి. గోరుతో గీరితే దిగబడింది. పచ్చి సున్నం. గాజు కూడా నాది కాదు. ఏదో పటానికి కట్టిన అద్దంలోంచి కోసిన ముక్క.

"అత్తా, ఇది ఎప్పుడు పగిలింది?"

ఆమె కొడుకు వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూశాడు.

"సెప్పీరా," అంది ఆమె. "నాను బొట్టెట్టబోతే రెండు ముక్కలైపోయి ఉంది బాబూ. ఈడే మార్సినాడు."

"సంబరం ఆగిపోతుందనా?" అన్నాను.

అతను నన్ను జాలిగా చూశాడు. "సంబరం వీధిలో ఆడుకోలేమా బావా? నీళ్లలో తడిస్తే సస్తామేటి? నువ్వు అందరి ముందూ ఇల్లు పడిపోతాదన్నావు. పగిలిన గాజు బాడీవాలా సూసినాడనుకో, మునిసిపాలిటీవోళ్లని తెచ్చి బోర్డెట్టించీస్తాడు. ఆ తర్వాత మా సామాను వీధిలో. అమ్మని ఎక్కడెట్టమంటావు?"

ఆ బోర్డులు నేను చూసినవే. ‘ప్రమాదకరమైన ఇల్లు’ అని బెంగాలీలో రాసి, ఆ పేటలో చాలా గోడలకు వేలాడుతుండేవి. బోర్డు పడిన ఇంట్లోంచి అద్దెకున్నవాళ్లను వెళ్లగొట్టడం సులువు. గోడ కొట్టించినవాడికే గోడ పగులు వరం. ఇన్నాళ్లూ నేను అమ్మవారితో వాదిస్తున్నాననుకున్నాను. ఆమె అసలు ఈ తగువులోనే లేదు.

"మరి రేపు పైన వాళ్లు దూకేటప్పుడు?"

"అమ్మనీ ఆడోళ్లనీ బయట అరుగు మీద కూకోబెడదామనుకున్నాను."

"పైన దూకేది నువ్వే కదరా?"

పైన ఎవడో కాలు మార్చి మార్చి గజ్జెలు ఆడిస్తున్నాడు. పూత పొడి సన్నగా అత్త మంచం మీద రాలింది. ముగ్గురం దాన్ని చూశాం. మా బావ ఒక్క ఉదుటున మెట్లెక్కి అందరినీ కిందికి దింపేశాడు.

ఆ తర్వాత వాదన జరగలేదు, పని జరిగింది. ఓడల్లో సరుకు కదలకుండా అడ్డం బిగించే దుంగలు డాకు గేటు బయట పాతకలప కొట్లో దొరుకుతాయి. చీకటి పడకముందే రెండు తెచ్చారు. కింద వెడల్పాటి పలక పరిచి, దాని మీద రాట నిలబెట్టి, దూలానికీ రాటకీ మధ్య ఏటవాలుగా చెక్కిన కర్ర చీలలు ఎదురెదురుగా పెట్టాం. మా బావ సుత్తి ఎత్తాడు.

"ఎత్తకూడదు. ఆనాలి, అంతే," అన్నాను. "పాత ఇల్లు కుంగిన చోట అలవాటు పడి ఉంటుంది. బలవంతంగా లేపితే ఇంకోచోట విరుగుతుంది."

ఒక్కో దెబ్బకీ ఆగి విన్నాం. చీల బిగుసుకునే కొద్దీ సుత్తి చప్పుడు మారింది. దూలం ఒకసారి మూలిగింది. ఎవరూ ఊపిరి తీయలేదు. ఇంకేమీ రాలలేదు.

రెండో రాట బిగుస్తుండగా బాడీవాలా మనిషి గొడుగుతో గుమ్మంలోకి వచ్చాడు. "ఎటా కీ హొచ్ఛే?" అని అడిగాడు, ఇక్కడేం జరుగుతోందని.

నేను నోరు తెరిచేలోగా అత్త తన పసుపు గుడ్డ ఒకటి రాటకు చుట్టి ముడేసింది.

"పూజోర్ పాండాల్, దాదా," అన్నాడు మా బావ. పూజ పందిరట.

అతను రాటల వంక చూశాడు. పసుపుగుడ్డకు చెయ్యెత్తి దండం పెట్టి వెళ్లిపోయాడు. కలకత్తాలో పందిరి రాటను పీకే ధైర్యం ఏ ఇంటి యజమానికీ లేదు. జీవితమంతా నేను పోరాడిన దైవభయం ఆ గది కప్పును ఆ సాయంత్రం కాపాడింది. ఆ భయం తప్పని ఇప్పటికీ అంటాను. గుడ్డ విప్పమని మాత్రం ఆరోజు అనలేదు.

మర్నాడు తప్పెటగుళ్లు సందులో, నీళ్లలో ఆడారు. ఎగిరిన ప్రతిసారీ బురదనీళ్లు గోడల మీద చిమ్మాయి. నేను గదిలోనే ఉన్నాను, రాట మీద అరచెయ్యి ఆనించి. వీధి చప్పుడు కర్రలోంచి నా చేతికి వస్తూనే ఉంది. చీలలు కదల్లేదు. దుకాణం గోడ సంగతి మిగిలే ఉంది. బాడీవాలాతో తగువూ మిగిలే ఉంది. ఆట మధ్యలో సున్నం ముద్దలు గీకేసి, కొత్త గాజు సిమెంటుతో అతికించాను.

అత్త పసుపు గిన్నెతో వెనకే నిలబడి ఉంది.

"ఇది పగిలితే దాచొద్దు అత్తా. ముందు నాకు చెప్పు. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు."

"సెప్తాను. ఇప్పుడు బొట్టెట్టనా?"

"గాజు మీద వద్దు. పగులు కనబడాలి. పక్కన గోడ మీద పెట్టుకో."