గవర్రాజు గారి ఆవిరి

మా పక్క క్వార్టరు గవర్రాజు గారికి ఎవరైనా తుమ్మితే చాలు, పండగే. వేన్నీళ్ల గిన్నె, మందపాటి దుప్పటి పట్టుకుని వాలిపోతారు. పిలవక్కర్లేదు. పొమ్మన్నా పోరు.

ఈ ఇనుప గనుల ఊరు కిరందుల్లో తుమ్మకుండా బతకడం ఎవరి తరం? ఎండాకాలమంతా గనుల ఎర్రదుమ్ము, వానాకాలమంతా కొండ మీంచి దిగే మంచు. కానీ ఆయన దుమ్మునీ ధూళినీ ఒప్పుకోరు. తుమ్మంటే జలుబే, జలుబంటే తన సొంత శత్రువే. ఉద్యోగం కన్వేయరు బెల్టు దగ్గరే అయినా, అసలు డ్యూటీ మాత్రం మా ముక్కుల దగ్గర.

ఓ ఆదివారం నేను ఎండుమిరపకాయలు వేయిస్తుంటే మా ఆయన తుమ్మారు. రెండో తుమ్ము వచ్చేలోగా గేటు కిర్రుమంది. గవర్రాజు గారు గిన్నెతో, వెనకాల వాళ్లావిడ రమణమ్మ గారు మూతతో.

"తుమ్మీసినారేటి?"

"అబ్బే, మిరపకాయల ఘాటండీ."

"మొదట అందరూ అలాగే అంటారు. కూకోండి."

మా ఆయన దుప్పటి కిందకి వెళ్లిపోయారు. లోపల్నించి మూలుగు: "ఊపిరాడట్లేదండీ!"

"ఆడదు. జలుబుక్కూడా ఆడకూడదు కదేటి!"

నేను రమణమ్మ గారి వైపు కోపంగా చూస్తే, ఆవిడ నెమ్మదిగా అంది: "మీకు వారానికోసారి వదినా. నాకు రోజూ."

ఆవిరితో సరిపెట్టినా బాగుండేది. సొంఠీ మిరియాల కషాయం గొంతులో పోసేదాకా కదలరు. పైగా పొద్దున్నే గేటు దగ్గర కాపలా. తడిజుట్టుతో స్కూలుకి పోయే మా పాప అమ్ముని ఆపి తువ్వాలుతో తల తుడుస్తారు. వేన్నీళ్లు తాగారా అని డ్యూటీకి పోయేవాళ్లని నిలదీస్తారు. చలికాలం చెవులు కప్పుకోకపోతే తన మఫ్లరు తీసి కట్టేస్తారు. ఆ మఫ్లరుని ఉతికినట్టు ఆధారాలేం లేవు.

ఆ మధ్య సంతలో ఇక్కడివాళ్లు జలుబుకి ఎర్రచీమల పచ్చడి తింటారని ఎవరో చెప్పారు. దాన్ని ఇక్కడ చాప్డా అంటారు. ఈయన దొన్నెడు కొనుక్కొచ్చి, ఏకంగా చారు కాచేశారు! కాలనీ పిక్నిక్‌లో అందరికీ వడ్డించారు. పుల్లగా, ఘాటుగా బానే ఉందనుకుని నేను మారు వేయించుకున్నాను.

"చింతపండు ఎక్కడిదండీ, ఇంత పులుపుంది?"

"చింతపండు కాదు చెల్లెమ్మా, చీమలు."

నేను చెట్ల వెనక్కి పరిగెత్తాను. మా ఇంట్లో అంట్లు తోమే ఇర్మె మాత్రం ఆ చారు రుచి చూసి నెత్తి కొట్టుకుంది. ఆమెది తెలుగు సరిహద్దున ఉన్న భేజ్జి దగ్గర అడవిపల్లె. "ఏందమ్మా, మంచి చీమల్ని గిట్ల నీళ్లల్ల ముంచి ఖరాబు చేసిండు?" అంది. అటు ఆంధ్రావాళ్లకీ ఇటు అడవివాళ్లకీ పనికిరాని వంట చేయడం ఆయనకే చెల్లింది.

ఇక డాక్టర్ ఊర్మిలతో గొడవ గురించి చెప్పాలి. ఆవిడది రాయ్‌పూర్, కాలనీ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. మా మధ్య ఉండి ఉండి తెలుగు బాగానే పట్టుబడింది. ఓ వానాకాలం ఈయన ఫ్లాస్కుతో వెళ్లి, ఆవిడ ఓపీ క్యూలో నించున్నవాళ్లకి కషాయం పోసి ఇళ్లకి పంపించేశారు. ఆవిడ తలుపు తీసి చూస్తే బయట ఒక్క పేషెంటూ లేడు, ఈయన తప్ప.

"యే క్యా తమాషా హై? బాహర్ నిక్లో!" అని కోపంలో హిందీలోకి దిగిపోయి, ఈయన్ని బయటికి పొమ్మంది.

"ఆసుపత్రి గుమ్మం మళ్లీ తొక్కితే నా పేరు గవర్రాజే కాదు!" అని ఈయన కాలనీ అంతా వినబడేలా ఒట్టు పెట్టుకొచ్చారు.

పోయిన ఆగస్టులో, ముసురు పట్టిన ఓ పొద్దున ఇర్మె మా ఇంటికి రాకుండా తిన్నగా గవర్రాజు గారి వరండాలోకి వెళ్లింది. ఒళ్లో ఏడాది పిల్ల.

"బాబాయ్, పిల్లకి జలుబైంది. నీ ఆవిరి పట్టు."

పిట్టగోడ ఇవతల నించి చూస్తున్న నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లకి తన కాళ్లతో తాను నడిచొచ్చిన రోగి! ఈయన చిందులేస్తారనుకున్నాను. గిన్నె పొయ్యి మీద పెట్టించి, పిల్లని ఒళ్లోకి తీసుకుని చొక్కా పైకెత్తారు. ఊపిరి పీల్చినప్పుడల్లా దాని డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. గవర్రాజు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇది నా జలుబు కాదు," అన్నారు. "రవణా, పొయ్యి ఆర్పీ. గొడుగు తే. ఆసుపత్రికెళ్లాలి."

"మరి ఒట్టో?" అంది రమణమ్మ గారు.

"ఒట్టు తీసి గట్టున పెట్టు!"

స్కూటరు మీద ఆయనా, పిల్లతో ఇర్మే, వెనకాల బండి మీద నేనూ మా ఆయనా. కౌంటర్లో నర్సు "తీసుకొచ్చినవాళ్ల పేరు?" అంది.

"ఏదోటి రాసుకో తల్లీ, ముందు పిల్లని చూడండి!"

డాక్టర్ ఊర్మిల పిల్ల గుండెల మీద గొట్టం పెట్టి విని, కళ్లెర్రజేసి అడిగింది: "కషాయం పోశారా?"

"చుక్క కూడా పొయ్యలేదమ్మా. నా వల్ల కాదనే మీ కాళ్ల దగ్గరికి తెచ్చినాను."

న్యుమోనియా అంది. గబగబా సూది వేసి, పిల్ల మూతికి మాస్కు పెట్టి, మందుని పొగలా పట్టే మెషిను ఆన్ చేసింది. అది బుస్సుమనేసరికి ఇర్మె హడలిపోయింది.

"ఏందిది? నా పిల్ల మూతి మూసి చంపుతుండ్రు! ఒద్దు, నేను పోత!" అని మాస్కు లాగేసి, పిల్లని చంకనేసుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది. డాక్టరు అరిచినా, నేను బతిమాలినా వినదే! ఆ వానలో పిల్లని ఇంటికి తీసుకుపోతే ఇక దక్కదు.

గవర్రాజు గారు గుమ్మానికి అడ్డంగా నించున్నారు.

"ఒసే ఇర్మే, నా ఆవిరి కోసమే కదేటి వచ్చినావు? మరి ఆ మాస్కులోంచి ఏటొస్తంది?"

"పొగ."

"పొగ కాదే, ఆవిరి! నాదే! గిన్నె పసిదానికి పెద్దదైపోద్దని, మెషిన్లో ఎక్కించమని ఈ డాక్టరమ్మకి నేనే చెప్పినాను."

ఇర్మె అనుమానంగా డాక్టరు వైపు తిరిగింది. "నిజమేనా? బాబాయ్‌దేనా?"

ఇర్మె వీపు వెనకాల గవర్రాజు గారు రెండు చేతులూ జోడించారు. డాక్టరు ఒక్క క్షణం ఆయన్ని చూసింది.

"అవును," అంది. "ఆయనదే."

ఇర్మె వెనక్కొచ్చి కూర్చుంది. మాస్కు తనే పట్టుకుంది. నాకు ఆ మనిషి కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. వంగితే నడుం పట్టిందనుకుని నూనె రాసేస్తారు.

పిల్ల కోలుకుంది. ఇర్మె ఊరుకుంటుందా, రాజు బాబాయ్ ఆవిరి మెషిను మహిమ బస్తీ అంతా చాటింది. ఇప్పుడు ఊపిరి అందని పిల్లల్ని ఎత్తుకుని తల్లులు తిన్నగా ఆయన గేటు ముందుకే వస్తారు. ఆయన గొడుగు తీసుకుని, "మెషిను అక్కడ పెట్టించినాను, పదండి," అని ముందు నడుస్తారు. గిన్నే దుప్పటీ మాత్రం మా మొహాలకే.

మొన్న అమ్ముకి గొంతునొప్పని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఓ తల్లి ఆయాసపడుతున్న పసిబిడ్డని ఎత్తుకొచ్చి, "రాజు బాబాయ్ మెషిను ఏడుందమ్మా?" అని అడిగింది.

డాక్టర్ ఊర్మిల రాస్తున్న కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు.

"అదిగో, ఆ మంచం పక్కన. రాజుగారిదే. కూర్చో తల్లీ."