మేడిపల్లి బస్సు కోసం కూర్చున్నామె

అడగని సలహా ఇవ్వడం నాకున్న పాత జబ్బు. ఆ సాయంత్రం ఉప్పల్ బస్టాపులో దాన్ని ఒక పరాయి మనిషి మీద చూపించాను.

ఆమె నాచారంలో ఏదో ప్యాకింగ్ కంపెనీలో డ్యూటీ దిగి, మేడిపల్లి బస్సు కోసం కూర్చుంది. ఫోన్‌లో జపాన్ సీరియల్ చూస్తోంది, హిందీ డబ్బింగ్‌లో. పదేళ్లుగా అవే చూస్తున్న నాకు ఉత్సాహం ఆగలేదు. ఎందుకిష్టమని అడిగాను.

"మన సీరియల్ల లెక్క ఇది ఏండ్లకేండ్లు సాగది సార్. పది భాగాల్ల ఒడుస్తది. మొగడు పెండ్లాలు సుత మెల్లగ మాట్లాడుకుంటరు."

అంతకంటే మంచి మాట నేను కూడా చెప్పలేను. అయినా ఊరుకోలేదు. "డబ్బింగ్‌లో ఆ మెత్తదనమంతా పోతుందమ్మా. అసలు గొంతులు వింటూ కింద ఇంగ్లీషు చదువుకోవాలి. లేకపోతే చూడటమే దండగ."

"నేను కూడబలుక్కునేలోపే ఆ అక్షరాలు పోతయి సార్. తెలుగైతే జర సదువుత."

"అయితే మీకు మన సీరియల్సే నయం" అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

ఆమె ఫోన్ ఆపి సంచిలో పెట్టుకుంది. "ఇంట్ల నవ్వుతరనే రెండు బస్సులు ఇడిసిపెట్టి ఈడ సూస్తున్న" అని, వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయింది.

మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

ఆ సీరియల్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అవి ఆమెదాకా వెళ్తాయన్న నమ్మకం లేదు. ఇంటర్నెట్‌లో పెట్టే ముందు, తెలుగు మెల్లగా చదివే మా ఆఫీసు ఆయమ్మను కూర్చోబెట్టి పది భాగాలూ చూపించాను. ఆవిడ చదవలేక వెనకబడిన ప్రతిచోటా రెండు మాటలు తీసేశాను.