అక్క మగ్గం ఆపినప్పుడల్లా

ఒక చిన్న మాటను నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ‘అట్నే ఉండాదిక్కా.’ అంతే ఆ మాట. ఇంత చిన్నదాన్ని మోయడానికి ఇంత అలసట ఏమిటని మీకు అనిపించవచ్చు. ఉత్త అబద్ధమైతే ఒప్పేసుకుని ఎప్పుడో వదిలించుకునేవాణ్ణి. కానీ నేను చెప్పిన ఆ నిమిషంలో అది నిజం. అదే నన్ను ఇన్నాళ్లూ తప్పించుకోనిచ్చింది.

నా పేరు చెప్పను. మదనపల్లెలో ఒక టమోటా మండీలో గుమాస్తాను. మా వీధిలో నడుస్తుంటే ప్రతి గడపలోంచీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. మా ఇంట్లోంచి మాత్రం వినిపించదు. ఒకప్పుడు వినిపించేది. అదెందుకు ఆగిపోయిందో మీతో చెప్పాలి. ఎవరితోనో ఒకరితో చెప్పాలి కదా.

మొదలైంది కుప్పంలో, మా మామగారు పోయిన రోజు. అటువైపు సావుకు పలకలు మోగాలి, ఔట్లు పేలాలి. పెద్ద వయసులో పోయిన మనిషిని చప్పుడు లేకుండా సాగనంపితే ఇంటల్లుళ్లకు మర్యాద కాదు. ఆ ఔట్లు మామూలు టపాకాయలు కావు, ఒక్కొక్కటి పేలితే కిటికీలు అదురుతాయి. నేను పాడె మోస్తున్నాను. పక్కకు తప్పుకోవడానికి లేదు. ఒకటి నా ఎడమ చెవి దగ్గరే పేలింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత చెవిలో కీచురాయి దూరినట్టు గీ... అని మొదలైంది. సాయంత్రానికి పోతుందిలే అన్నారు. దినాలు అయిపోయాయి, అది పోలేదు.

చెవి డాక్టరు దానికి టిన్నిటస్ అని పేరు చెప్పాడు. బయట శబ్దమేమీ లేకపోయినా మన చెవికి మాత్రం వినిపించే మోత అన్నాడు. కొందరికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది, కొందరికి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది అన్నాడు. ఇదీ ఒక జవాబేనా? పైగా, మీ మోతకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. తొమ్మిది అన్నాను. ఆ కోపంలో వేసిన తొమ్మిదినే తర్వాత ఎన్నేళ్లు పట్టుకు వేలాడానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అక్క గురించి చెప్పాలి. పెళ్లయిన కొన్నాళ్లకే బావ పోతే అక్క మా ఇంటికి వచ్చేసింది. ముందుగదిలో మా నాయన తవ్విన మగ్గం గుంత ఉండేది. నాయన తర్వాత ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది అక్కే. ఆమె నేసిన పట్టుచీర అంచు చూసి, ఇది ఫలానా ఆమె చేతిదని వీధిలో గుర్తుపట్టేవాళ్లు. తమ్ముడి పంచన పడి ఉందని ఆమెను ఎవరూ అనలేకపోయారంటే అది ఆ మగ్గం వల్లే. ఆమెకు ఈ ఇంట్లో చోటంటే ఆ గుంతే.

కుప్పం నుంచి వచ్చాక ఆ మగ్గం చప్పుడు నన్ను చంపేసింది. ఇందులో అబద్ధం లేదు. గిన్నె కింద పడ్డా, తలుపు గట్టిగా వేసినా చెవిలో మేకు దిగినట్టుండేది. ఇక రోజంతా ఆ టకటకా, పైన అంచు డిజైను కోసం పోగులు ఎత్తే జాకార్డు పెట్టె మోత. మొదట విసుక్కున్నాను. తర్వాత అరిచాను. ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని, ఈ ఇంట్లో మగ్గమైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాను. నేను మండీకి పోయిన వేళల్లో అక్క కూర్చుని మగ్గం మీదున్న చీర ముగించింది. ఆ తర్వాత మగ్గం విప్పించింది. పుంగనూరులో తెలిసినవాళ్ల షెడ్డులో కూలికి నేస్తానని బయల్దేరింది. వద్దని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. గుంత పూడ్చి టైల్స్ వేయించాం. దానిమీద సోఫా వేశాం.

అంతవరకు నాది బాధ. తప్పు ఆ తర్వాత మొదలైంది. ఏ రోజు మొదలైందని అడిగితే మాత్రం చెప్పలేను.

మగ్గం పోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. నేను లేనప్పుడే మిక్సీ వేసేవాళ్లు. టీవీలో బొమ్మలు ఆడేవి, మాట వినిపించేది కాదు. మా అమ్మాయి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అంత నిశ్శబ్దంలో నా చెవిలో మోత పెరిగింది. దానికోసమే ఇల్లంతా ఖాళీ చేసి ఇచ్చినట్టయింది. మండీలో వేలం కేకలు, ఆటోల హారన్లు, క్రేట్లు విసిరే చప్పుడు. అక్కడ మోత సంగతి గుర్తుకొచ్చేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి మొదలయ్యేది. ఆమాత్రం నాకు అర్థం కాలేదా? అయిందేమో. అర్థమైనా, మండీ గోలకు చెవి అలసిపోతోంది, అందుకే ఇంట్లో ఇంకా నిశ్శబ్దం కావాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంట్లోవాళ్లకూ అదే చెప్పాను. అందరూ నమ్మారు. నా బాధకు ఇల్లు అలా వంగి ఉండటం నాకు నచ్చింది. దీన్ని రాయడానికే నా చెయ్యి ఇంతసేపు తటపటాయించింది.

ఇక పుంగనూరు సంగతి. అక్క వెళ్లాక మొదటిసారి చూడబోయాను. అదొక రేకుల షెడ్డు, వరసగా మగ్గాలు. అక్క నన్ను ఇంకా చూడలేదు. గడపలో నిలబడ్డాను. అన్ని మగ్గాలూ ఒక్కసారే ఆడుతున్నాయి. చెవులు మూసుకోబోయి ఆగాను. నొప్పి లేదు. మేకు దిగలేదు. అంతకన్నా ముఖ్యం, మోత లేదు. వెతికాను. నా చెవిలో నేనే వెతుక్కున్నాను. ఎక్కడా లేదు. కుప్పం తర్వాత నా తలకాయ నాకు తిరిగి దొరికింది ఆ గడపలోనే.

అప్పుడు అక్క తలెత్తి నన్ను చూసింది. గబుక్కున మగ్గం ఆపింది. చెయ్యి పైకెత్తి అందరికీ సైగ చేసింది. పక్క మగ్గం మీద నేసే ఖాదర్‌బాషా అన్న జాకార్డు ఆపాడు. ఒకటొకటిగా అన్నీ ఆగిపోయాయి.

“మా తమ్ముడప్పా. చెవి బాగలేదు. పాపం, సద్దు పడదు,” అని వాళ్లకు చెప్పింది.

షెడ్డు నిశ్శబ్దమైంది. గీ... అని నా చెవి మొదలుపెట్టింది.

“ఎట్లుండాది నాయనా, చెవిలో సద్దు?” అని అక్క అడిగింది.

“అట్నే ఉండాదిక్కా,” అన్నాను.

“తగ్గతాదిలే. ఈడ నాకేం కష్టం లేదు, బాగుండాను. మగ్గం తీసేసిందే మంచిదాయె. అదీ ఉండుంటే ఇంకెంత అల్లాడిపోతాంటివో,” అంది.

నేను తలూపాను.

మగ్గాలు ఆడుతున్నప్పుడు సద్దు లేదక్కా, ఆపాక వచ్చింది. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే? మళ్లీ మగ్గం పెట్టుకోవడానికి అక్క ఇంటికి వచ్చేసేది. అప్పటికి గుంత మీద వేసిన సిమెంటు సరిగా ఆరను కూడా లేదు. మళ్లీ పగలగొట్టించాల్సి వచ్చేది. భార్యకు చెప్పుకోవాలి, వీధికి చెప్పుకోవాలి. ఇంట్లోవాళ్లు మళ్లీ మామూలుగా మాట్లాడతారు, మామూలుగా నవ్వుతారు, నన్ను మామూలు మనిషిగా చూస్తారు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానా, తర్వాత కల్పించుకున్నానా? తెలియదు. తలూపడం మాత్రం బాగా గుర్తుంది.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అదే తంతు. నన్ను చూడగానే ఆమె చెయ్యి లేచేది, మగ్గాలు ఆగేవి. నేసినదాన్ని బట్టి కూలి వచ్చే మనుషులు నాకోసం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఫోన్‌లోనూ మొదటి మాట అదే. చెవి ఎట్లుండాది? అట్నే ఉండాదిక్కా.

అట్నే లేదు. తగ్గుతూ వచ్చింది. జ్వరం దిగితే చెమట పడుతుంది, తెలుస్తుంది. ఇది అలా తెలియదు. వీధిలో రోజూ మొరిగే కుక్క ఎప్పుడు మానేసిందో ఎవరికి గుర్తుంటుంది? టమోటా ధర పడిపోయి రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిపోయిన సీజన్ ఒకటి వచ్చింది. ఆ హడావుడి అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. చెవి పెట్టి విన్నాను. ఉందా అంటే ఉంది, పక్కింట్లో ఎక్కడో మోగుతున్నట్టు సన్నగా. వారాల తరబడి దాని సంగతే మరచిపోయానని అప్పుడు తెలిసింది. సంతోషించాలి కదా? భయపడ్డాను. జలుబు చేసినప్పుడు, నిద్ర చాలనప్పుడు అది మళ్లీ హోరెత్తేది. అలా పెరిగిన రోజున నాకు ఊరట. హమ్మయ్య, నేను అబద్ధం ఆడలేదు అని. రోగం తిరగబెడితే సంతోషించే మనిషిని ఏమంటారు? అలాంటి రోజు చూసుకుని నేనే అక్కకు ఫోన్ చేసేవాణ్ణి. ఇంత నీచత్వం నాలో ఉందని నాకు ముందు తెలియదు.

మొన్న ఒకసారి మళ్లీ పుంగనూరు వెళ్లాను. అక్క చూపు మందగించింది. తెగిన పడుగు పోగు అతకడానికి ముఖం దగ్గరగా వంచి వెతుకుతోంది. అయినా గడపలో నా నీడ పడగానే చెయ్యి లేపింది. మగ్గాలు ఆగాయి. ఖాదర్‌బాషా అన్న కూడా ముసలివాడయ్యాడు. అప్పుడే అడ్డపోగు లాగే నాడెను విసరబోయిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాడు. ఆయన ముఖంలో విసుగు లేదు. ఉండి ఉంటే నేను మళ్లీ తలూపి వచ్చేసేవాణ్ణేమో.

“ఆపొద్దక్కా,” అన్నాను. “తగ్గిపోయిందిక్కా. తగ్గి శానా ఏండ్లయింది.”

అక్క ముఖం వెలిగింది. “మగ్గం తీసేసినందుకే కదరా తగ్గింది?” అంది.

అవునంటే సరిపోయేది. మగ్గం తీసేసినందుకు ఫలితం దక్కిందన్న తృప్తి ఆమెకు మిగిలేది. నా నోట్లో ఆ మాట సిద్ధంగానే ఉంది.

“లేదక్కా. అది తీసేసినాకే ఎక్కువయింది. నీ మగ్గం సద్దులో నాకది వినపడకనే పోయేది. నేను మొదటిసారి ఈడికి వచ్చిన పొద్దే తెలుసు.”

ఆమె కళ్లు చిట్లించి నా వంక చూసింది, తెగిన పోగును వెతికినట్టే. తర్వాత పక్కవాళ్ల వైపు తిరిగింది.

“మీరు నేసుకోండప్పా. ఇన్నేండ్లు మిమ్మల్ని గూడా నిలిపినా. ఇంక నిలపాల్సిన పన్లేదు,” అంది.

మగ్గాలు మొదలయ్యాయి. అక్కది కూడా. ఇంటికి రా అక్కా, టైల్స్ పగలగొట్టిస్తా అన్నాను. విన్నది. తల ఊపలేదు, అడ్డంగా కూడా ఆడించలేదు. నేను కాసేపు నిలబడి బస్సుకు వచ్చేశాను. అన్నం తిన్నావా అని అడగకుండా ఆమె నన్ను పంపడం అదే మొదలు.

క్షమించిందా అని మీరు అడగకండి. నేనూ అడగలేదు. చెప్పాక గుండె తేలికైంది, అది నిజం. ఆ తేలికదనం మీద కూడా నాకు కోపంగానే ఉంది. ఆమెకు ఉన్న ఒక్క ఓదార్పునూ లాక్కుని నేను తేలికపడ్డాను.

నిన్న అక్క ఫోన్ చేసింది. వానలు పడ్డాయా అని అడిగింది. అమ్మాయి ఎట్లుండాది అని అడిగింది. ఉంటానని చెప్పి పెట్టేసింది. చెవి సంగతి అడగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెతో అబద్ధం చెప్పకుండా ఫోన్ కింద పెట్టాను.