ఉత్తరం గోడ దగ్గర చెప్పులు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఎవరైనా ఆ మాటలు మొదలెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది, ఏం చేస్తాం!

దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఈ మధ్య బ్రిటన్‌లోని వేల్స్ నుంచి ఒక పని వచ్చింది. అక్కడి పల్లెటూళ్ళో వందల ఏళ్ళ నాటి చర్చికి మరమ్మతులు. వాళ్ళు ఫోటోలు, కొలతలు పంపుతారు, డ్రాయింగులు మేం గీయాలి. గుండ్రటి సమాధుల తోట, మధ్యలో రాతి చర్చి, కోటగోడంత మందం గోడలు, కప్పు మీద ఒక్కటే గంట. లోపలంతా సున్నం.

ఉత్తరం గోడ ఫోటోలో తీగలు దట్టంగా అల్లుకున్నాయి. కింద గడ్డిలో చెప్పులు కనిపించాయి. బురద అంటిన పాత తోలు జోళ్ళు, వరసగా, చివర్న పిల్లలవి కూడా. మా ఊరి చర్చిలో ఆదివారం ఆడవాళ్ళ గుమ్మం ముందు అచ్చం అలాగే ఉంటాయి. గుమ్మం తీగల చాటున ఉందనుకుని తలుపు గీసేశాను. అనుమానమే రాలేదు.

డ్రాయింగ్ వేల్స్‌కి వెళ్ళిపోయాక మా సీనియర్, బందరు డేవిడ్ అన్న, నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా, మతి పోయిందా? అక్కడ తలుపేంట్రా? లోపల్నుంచి చూడు, అంతా గోడే!"

"బయట చెప్పులు విడిచారన్నా."

"అక్కడ చర్చిలోకి బూట్లతోనే వెళ్తార్రా బాబూ! ఎవడు విడుస్తాడు?"

ఫోటో తెరిచాను. గడ్డి తప్ప ఏమీ లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. కంపెనీ అప్పటికే ఆ నెలలో ఇద్దర్ని ఇంటికి పంపేసింది. నా భార్య ఇక్కడ మేముండే ఉమ్ ఘువైలినా పేటకి వచ్చి కాపురం పెట్టి నెల కూడా కాలేదు. ఆమెకి చెప్పలేక, అన్నం సహించక, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

వారం తిరక్కుండా వేల్స్ నుంచి కబురొచ్చింది. నా గీత చూసి అక్కడ సున్నం గీకారట. కింద రాళ్ళతో పూడ్చేసిన గుమ్మం ఉంది, నేను గీసిన చోటే. ఎప్పుడు మూశారో ఊళ్ళో ఎవరికీ తెలీదట.

"ఎలా పట్టావురా?" అంటూ డేవిడ్ అన్న భుజం తట్టాడు. దేవుడి దయవల్ల ఉద్యోగం నిలబడింది. ఆ ఫోటో మాత్రం రోజూ తెరిచి చూస్తూనే ఉన్నాను. గడ్డే. ఆ రోజు నేను చూసిందేమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు.

చర్చి లోపలి డ్రాయింగ్ కూడా నాకే ఇచ్చారు. ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తున్నాను. చెప్పులు బయట విడిచారంటే, మనుషులు లోపలే ఉన్నట్టు కదా.