వాన వెలిసేదాకా ఆగే ప్రోగ్రాం

ఆ రోజుల్లో మా పోర్ట్‌బ్లెయిర్‌కి ఇంటర్నెట్ చుట్టపుచూపుగా వచ్చేది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చిందని మనం సంబరపడేలోపే చెప్పులేసుకునేది. సముద్రం కింద కేబుల్ ఇంకా పడలేదు. అంతా ఉపగ్రహం దయ, దానికి మబ్బు అడ్డమొస్తే ఇక అంతే సంగతులు. (మా దీవుల్లో మబ్బు పట్టని రోజులెన్నో మీరే ఊహించుకోండి.) ఒక ఫొటో పంపితే సగంలో తెగిపోయేది, మళ్ళీ మొదటినుంచీ పంపాలి. విసిగిపోయి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. నెట్ పోతే ఎక్కడ తెగిందో గుర్తుపెట్టుకుని, ఊరికే కూర్చుని, నెట్ వచ్చాక అక్కడినుంచే మిగతాది పంపుతుంది. ఎంతసేపు కూర్చుంటుందంటే, వచ్చేదాకా. పూటైనా సరే, రెండ్రోజులైనా సరే. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి, అంతకన్నా తక్కువ ఆగాలని నాకు తోచనే లేదు.

ఇతరులు తమ ప్రోగ్రాముల్లో అతికించుకునే ఇలాంటి ముక్కని మావాళ్ళు లైబ్రరీ అంటారు. నాలాంటివాడు ఇంకొకడుంటాడేమో చూద్దామని దాన్ని ఉచితంగా నెట్‌లో పెట్టేశాను. ఒకడేమిటి, బోలెడుమంది తేలారు! ఎవరు ఉత్తరం రాసినా నేను మొదట అడిగేది, "మీ ఊళ్ళో నెట్ ఎందుకు పోతుంది?" అని. ఒకాయన ఇసుక గాలి అన్నాడు. ఇంకొకాయన కోతులు తీగలు లాగేస్తాయన్నాడు. ఎక్కడో కొండల్లో ఉండే ఒక టీచరమ్మ, మంచు కురుస్తుంది అంది. (ఫ్రిజ్‌లో తప్ప మంచు ఎరగనివాణ్ణి. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో!)

అయితే పొగడ్తల వెనకే పనులూ తోసుకొచ్చాయి. ఇది సరిచెయ్యండి, అది కలపండి, వారమైంది ఇంకా చూడలేదేం? నేనేమో వారమంతా ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని, సాయంత్రాలు తెలుగు చర్చి క్వయర్‌లో డోలక్ వాయించేవాణ్ణి. మిగిలేది ఆదివారం ఆరాధనకీ భోజనానికీ మధ్య కాస్త వ్యవధి, అదీ గోల్ ఘర్ పేటలో, మేమంతా భయ్యా అని పిలిచే హిందీ ఆయన నెట్ దుకాణంలో.

"ఆళ్ళు జీతమిస్తన్నారేటి?" అంది అమ్మ ఒకసారి.

"లేదమ్మా."

"మరి నిన్ను తిట్టడానికి ఆళ్ళకేటి హక్కురా?"



ఒక ఆదివారం ఏదో పెద్ద నగరపు పెద్దమనిషి తనే ఒక మార్పు రాసి పంపాడు. "మీది రోజులకొద్దీ కూర్చుంటోంది, ఇది లోపం. మూడుసార్లు ప్రయత్నించి మానేసేలా దిద్దాను" అని. పైపైన చూస్తే వంక పెట్టడానికి లేదు. బయట తమ్ముడు స్కూటర్ హారన్ మోగిస్తున్నాడు, క్వయర్ ప్రాక్టీసుకి వేళైంది. నాకో పని తప్పిందని మురిసిపోయి, సరిగా చదవకుండానే కలిపేసి, కొత్త కాపీ నెట్‌లో వదిలేసి పరుగెత్తాను.

మరుసటి ఆదివారం టీచరమ్మ ఉత్తరం వచ్చింది. పిల్లల పరీక్ష జవాబులు రేపటిలోగా బోర్డుకి చేరాలట. ఆవిడ వాడే ప్రోగ్రాం నా కొత్త కాపీని దానంతటదే తెచ్చుకుందట. మూడుసార్లు చూసి మానేస్తోంది, ఇక్కడ మంచు ఆగడంలేదు, చేరకపోతే నా పిల్లలకి ఏడాది పోతుంది, అని రాసింది.

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. దిద్దినది నెట్‌లోకి పంపాలి కదా! బయట కుండపోత. నా లాప్‌టాప్‌లో పంపేదీ నా లైబ్రరీయే, అదీ కొత్తదే. మూడుసార్లు చూసి మానేసింది. మళ్ళీ పంపాను. మళ్ళీ మానేసింది. ఓరి నీ దుంపతెగ, నిన్ను కన్నది నేనేరా!

ఇంతలో క్వయర్ బస్సు దుకాణం ముందు ఆగింది. ఆ మధ్యాహ్నం వండూర్ ఊళ్ళో ప్రార్థన కూటం, డోలక్ నాది. అమ్మ గొడుగేసుకుని లోపలికొచ్చింది. ఒకావిడ పని నావల్ల ఆగిపోయింది, రాలేనన్నాను.

"ఎవుర్రా ఆవిడ?"

"తెలీదమ్మా. ఎక్కడో టీచరు. పిల్లల పరీక్షలు..."

"పిల్లల పరీచ్చలా? అయితే కూకో. డోలక్ తమ్ముడు బాదుతాడులే" అని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా మా గొడవంతా వింటున్న భయ్యా, "అరే, మేరే కంప్యూటర్ సే భేజో నా" అన్నాడు, తన కంప్యూటర్‌నుంచి పంపమని. దాంట్లో కొత్త కాపీ ఎక్కించలేదట. కస్టమర్లకే చాలని నెట్టు దానికెందుకు తగలెయ్యడం అని! అంటే అందులో ఉన్నది నేనెప్పుడో పెట్టిన పాతదే. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాను. కాస్త వెళ్ళింది, తెగింది, కూర్చుంది. మేమూ టీ తాగుతూ కూర్చున్నాం. మళ్ళీ కాస్త వెళ్ళింది.

"పురానా వాలా హీ అప్నా ఆద్మీ హై" అన్నాడు భయ్యా, పాతదే మనవాడని. సాయంత్రం వాన వెలిసేసరికి మొత్తం చేరింది. వానవల్ల ఆలస్యమైందని టీచరమ్మకి రాశాను.

మర్నాడు ఆవిడ రాసింది: "జవాబులన్నీ బోర్డుకి అందాయి. మీ దగ్గర వాన ఎలా కురుస్తుంది?"

ఇలాంటి ప్రశ్న ఇన్నాళ్ళూ నేనడిగేవాణ్ణి, నన్నెవరూ అడగలేదు. ఆఫీసుకి ఆలస్యమైనా సరే, ఆవిడకి మా వాన గురించి పేజీలకు పేజీలు రాశాను. పెళ్ళై పిల్లలు పుట్టాక నాకు తీరిక పూర్తిగా పోయింది. ఇప్పుడా లైబ్రరీని ఆవిడ శిష్యులే చూసుకుంటున్నారు. ఎన్ని మార్చినా, వచ్చేదాకా ఆగడం మాత్రం మార్చలేదు.

మాకూ కేబుల్ వచ్చింది. మొన్న ఫోన్‌లో వీడియో రవ్వంత ఆగితే చిరాకెత్తి ఫోన్‌ని అరచేత్తో బాదాను. మా అమ్మాయి తలెత్తి, "ఆగు డాడీ, ఒస్తాది" అంది. నవ్వొచ్చింది. వాన చూస్తూ పూటంతా కూర్చున్న ఆ కుర్రాడు ఎటుపోయాడో మరి.